ఇరవయ్యో తూటా

ఎల్డన్ ష్రాడర్ చేసిన తూటాకు ఇంకా పేరు లేదు. మూడు చలికాలాలు కొట్టంలో లేత్ మిషన్ ముందు నిలబడి చేశాడు దాన్ని. పేరు మాత్రం నువ్వే పెట్టాలని బావ కజిమీర్ మీద వదిలేశాడు. కజిమీర్ ఎప్పుడడిగినా ఒకటే మాట, ముందు పుట్టనీవయ్యా, ఏడుపు విన్నాక పేరు పెడదాం అని.

హ్యూరన్ సరస్సు గాలి తగిలే ఆ బీట్ దుంపల నేలలో తూటాల పిచ్చి ఉన్నవాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురుంటారు. ఏ కంపెనీ అమ్మని తూటాను ఇంట్లో చేసుకుంటే దాన్ని అడవిపిల్లి అంటారు. కొత్తగా ఏదో పోత పోస్తారని కాదు. ఉన్న తూటాల్లో ఒక పెద్దదాని ఇత్తడి తొడుగు తీసుకుని, పొట్టిగా కోసి, మూతి దగ్గర మందంగా మిగిలిన గోడను లోపల్నించి చెక్కి, కావలసిన గుండును అందులో కూర్చోబెడతారు. అడుగున ముద్ర పాత కంపెనీదే ఉంటుంది. లోపల సరుకు వేరు. చేసినవాడు చెప్పకపోతే అదేమిటో ఎవరికీ తెలియదు.

ఆ జిల్లాల్లో జింకల మీద మూతి దగ్గర సన్నబడని, తిన్నని తొడుగున్న తూటాలే కాల్చాలని చట్టం. అంగట్లో అలాంటివి రెండు మూడు రకాలు దొరుకుతాయి. ఎల్డన్‌కు అవేవీ నచ్చలేదు. ఒకటి భుజాన్ని గాడిదలా తంతుందన్నాడు. ఇంకొకటి దుంపల చేను దాటేసరికి అలిసిపోతుందన్నాడు. తనది రెంటికీ నడుమ ఉంటుందని, ఒకటి పేలగానే ఇంకొకటి తనంతట తానే ఎక్కే తుపాకిలో జారినట్టు నడుస్తుందని భోజనాల దగ్గర భార్య బర్నడీన్‌కు చెప్పేవాడు. ఆమె వింటూ బంగాళాదుంపలు వడ్డించేది. ఆ తంతున్నది ఎవరి భుజాన్నో ఆమెకు తెలుసు. కజిమీర్ ఆమెకు తోడబుట్టిన అన్న.

కజిమీర్‌కు కుడి చెయ్యి మణికట్టు నుంచి లేదు. పన్నెండేళ్ళ కిందట మొక్కజొన్న కంకులు పీకే యంత్రం మింగింది. ఆ రోజు దాన్ని లాగుతున్న ట్రాక్టర్ మీద కూర్చున్నవాడు ఎల్డన్.

కంకుల యంత్రంలో దంటు ఇరుక్కుంటే దాన్ని తిప్పే ట్రాక్టర్ షాఫ్ట్ ఆపి, దిగి, తీసి, మళ్ళీ ఎక్కి తిప్పాలి. అట్లా చెయ్యాలని అందరికీ తెలుసు. అట్లా చేసేవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. వాన ముంచుకొస్తుంటే, వంద ఎకరాలు ఇంకా నిలబడి ఉంటే, గంటకు పదిసార్లు ఆపేవాడెవడు? తిరుగుతుండగానే వంగి ఒక్క లాగు లాగేవాళ్ళు. వెయ్యిసార్లు ఏమీ కాదు.

ఆనాటి నుంచి ఎల్డన్ చేసి ఇచ్చిన వస్తువులు కజిమీర్ ఇంట్లో ఒక గదికి సరిపోతాయి. ట్రాక్టర్ స్టీరింగ్‌కు గుండ్రటి పిడి. ముంజేతికి తగిలించుకునే పార. ఒంటి చేత్తో రొట్టె కోయడానికి మేకులు దిగ్గొట్టిన పీట. ఊరగాయ సీసా మూత తిప్పే పట్టకారు, దాన్ని గోడకు బిగించడానికి ఎల్డన్ ఒక ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి వచ్చాడు. కజిమీర్ ప్రతిదాన్నీ బాగుందనేవాడు. కొన్ని వాడేవాడు కూడా.

తుపాకి సంగతి మాత్రం అట్లా కుదరలేదు. చెయ్యి పోకముందు నవంబరు పదిహేను సాయంత్రం కజిమీర్ కొట్టిన జింక ఊళ్ళో దూలానికి వేలాడని ఏడు లేదు. అగ్నిమాపక కొట్టం ముందు రెండు కర్రల మీద అడ్డంగా ఒక దూలం కడతారు. వేట మొదటి రోజు పడ్డ కొమ్ముల జింకలన్నీ దానికి వేలాడతాయి. ప్రతి జింక చెవికీ ఒక చీటీ, దాని మీద కొట్టినవాడి పేరు. జనం చేతుల్లో కాఫీ పెట్టుకుని ఆ చీటీలు చదువుతూ నడుస్తారు. పన్నెండేళ్ళుగా కజిమీర్ ప్రుసాక్ అనే చీటీ అక్కడ లేదు. చదివేవాళ్ళు ఏమీ అనరు. ఎల్డన్‌ను చూసి కాఫీ తాగుతారు.

ఆ చీటీ ఒక్కసారి మళ్ళీ దూలం మీదికెక్కితే తాను ఆ వాకిట్లో తలెత్తుకుని నిలబడవచ్చని ఎల్డన్ అనుకున్నాడు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. తూటా చేశాడు. దానికి తగ్గ బ్యారెల్ తెప్పించి, అందులో తూటా కూర్చునే గది తానే తొలిచి, పక్కకు ఎగిరే ఖాళీ తొడుగు బావ ముక్కుకు తగలకుండా రేకు అతికించి, తుపాకి కూడా చేశాడు. పన్నెండేళ్ళుగా తాను మాత్రం వేటకు తుపాకి పట్టలేదు. మంచె మీద బావ పక్కన కూర్చుని తూటాలు ఎక్కించి ఇవ్వడం, దుర్భిణి పట్టుకోవడం, అంతే.

ఆ ఏడు దుంపల కోత ఆలస్యమైంది. లారీలు పగలూ రాత్రీ చక్కెర మిల్లు వైపు పరుగెడుతూనే ఉన్నాయి. ఎల్డన్‌ది కూడా ఒక లారీ. దొరికిన గంటల్లోనే తూటాలు చేశాడు, మొత్తం ఇరవై. ఒక్కొక్క తొడుగూ కోసి, లోపల చెక్కి, గుండు కూర్చోబెట్టి, చివరికి విడిగా ఉంచిన బ్యారెల్‌లో వేసి చూసేవాడు. టక్కుమని సొంత బరువుతో దిగాలి. దిగితేనే డబ్బాలో పెట్టేవాడు. పందొమ్మిది అట్లా దిగాయి. ఇరవయ్యోది చేతిలో ఉండగా మిల్లు దగ్గర్నుంచి ఫోను, లోడుకు రమ్మని. దాన్ని డబ్బాలో మిగతావాటి పక్కన పెట్టి, మూత వేసి, టోపీ పెట్టుకుని పోయాడు. తిరిగొచ్చి చూడాలనుకున్నాడు. తిరిగొచ్చేసరికి డబ్బా నిండుగా ఉంది. నిండుగా ఉన్నదాన్ని చూస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది.

పదిహేనో తారీకు తెల్లవారుజామున ఇద్దరూ ఎవరి బండిలో వాళ్ళు వచ్చి చేను గట్టున ఆపి, మంచె దాకా నడిచి వచ్చారు. నాలుగు కర్రల మీద చెక్క పెట్టె, పన్నెండడుగుల ఎత్తు, మూడు వైపులా కిటికీలు, లోపల ఇద్దరు పట్టే బెంచీ. నిచ్చెన ఎక్కాక తుపాకిని తాడుతో పైకి లాగాడు ఎల్డన్. కజిమీర్ చేతికి బదులు తగిలించుకునే ఇనుప కొక్కీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చలిలో అది ఎముకను కొరుకుతుంది. మొండి చేతిని కోటు లోపలికి దోపుకున్నాడు.

వెలుగు రేఖ పడగానే ఎల్డన్ డబ్బా తెరిచి తుపాకి కింద బిగించే తొట్టిలో అయిదు తూటాలు నింపాడు. తొట్టిలో చివర పెట్టినదే ముందు గదిలోకి ఎక్కుతుంది. ఏది ముందు తీశాడో, ఏది తొట్టి పైన నిలిచిందో అతను చూడలేదు. తొట్టి బిగించి, తూటాను గదిలోకి నెట్టే బోల్ట్‌ను పిడితో వెనక్కి లాగి, వదిలెయ్యకుండా చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు పోనిచ్చాడు. వదిలేస్తే ఆ చప్పుడుకు అర మైలు దూరంలో జింక చెవులు నిక్కుతాయి. వేటకు పోయేవాళ్ళంతా అట్లాగే మెల్లగా పోనిస్తారు. వదిలెయ్యమని తుపాకితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది.

బోల్ట్ వెంట్రుక వాసి ముందే ఆగినట్టు అతని వేలికి తెలిసింది. చీకటి. బొటనవేలి మొదలుతో ఒక్క నొక్కు నొక్కాడు. కదిలింది. మూసుకుందనుకున్నాడు.

"ఉండాల్సినవి ఉన్నాయా?" అని గుసగుసగా అడిగాడు కజిమీర్.

"ఉన్నాయి బావా. నువ్వు మీట నొక్కడమే."

"మీట ఒక్కటే మిగిల్చావన్న మాట నాకు."

ఎల్డన్ నవ్వాడు. అది హాస్యమనుకున్నాడు.

ఏడున్నరకు వచ్చింది జింక. చేనులో కోసి పడేసిన దుంపల ఆకుల మీద పొగమంచు పరుచుకుని ఉంది. కంచె చెట్ల మధ్య నుంచి ముందు రెండు ఆడవి వచ్చాయి, తర్వాత మగది. ఎనిమిది కొమ్మలు. మెడ దుంపల బస్తాలా బలిసి ఉంది. నూటపాతిక గజాల్లో అడ్డం తిరిగి నిలబడి ఆకులు కొరకడం మొదలుపెట్టింది. కజిమీర్ తుపాకి ముందు భాగం ఇసుక సంచి మీద ఆనించి, ఎడమ భుజానికి ఎత్తుకుని, చెంప ఆనించి, మీట నొక్కాడు.

టిక్కుమంది. అంతే.

మగ జింక తలెత్తి, మంచె వైపు కాదు, గాలి వైపు చూసి, మళ్ళీ వంగింది.

కజిమీర్ కదల్లేదు. ఎల్డన్ మెల్లగా తుపాకిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. బోల్ట్ పూర్తిగా మూసుకోలేదు. గీత వాసి సందు. ఇప్పుడు చూస్తే కనిపిస్తోంది. పిడి పట్టి వెనక్కి లాగాడు. రాలేదు. రెండు వేళ్ళు కొక్కీలా వేసి లాగాడు. రాలేదు. ముందుకు నెట్టాడు. పోలేదు. తూటా గదిలో సగం దూరి, మందపు మూతితో మేకులా దిగబడింది. ఏ తూటానో ఆ క్షణమే తెలిసింది అతనికి. మిల్లు ఫోను గుర్తొచ్చింది, టోపీ గుర్తొచ్చింది, డబ్బా మూత గుర్తొచ్చింది.

జింక ఇంకా అక్కడే ఉంది. అదే అతన్ని తినేసింది. అది పారిపోయి ఉంటే నిమ్మళంగా ఆలోచించేవాడు. మూడు చలికాలాల పని నూటపాతిక గజాల్లో నిలబడి ఆకులు నములుతోంది. అతను తుపాకిని నిలువుగా తిప్పి, భుజానికి ఆనే వెనక భాగం చెక్క నేల మీద పెట్టి, రెండు చేతులతో పిడి పట్టుకుని, ఎత్తి ఒక్కసారి కుదేసి లాగాలని మీదికి వంగాడు. ఇరుక్కున్న తుపాకిని అట్లాగే కుదేస్తారు. తొట్టి ఇంకా బిగించే ఉంది. బ్యారెల్ మూతి అతని గడ్డం కింద ఉంది.

"ఆపు," అన్నాడు కజిమీర్.

గొంతు పెంచలేదు. ఎల్డన్ చేతులు గాల్లో ఆగాయి.

"ముందు ఆపు. ఆపి, తర్వాత చెయ్యి పెట్టు."

ఎల్డన్ అప్పుడు చూసుకున్నాడు తన గడ్డం ఎక్కడుందో. తుపాకిని పక్కకు వంచి, ఇసుక సంచి మీద, మూతి ఎదుటి మట్టిగట్టు వైపు పెట్టి, తొట్టి ఊడదీశాడు. మీట నొక్కగానే తూటాను పొడిచి పేల్చే సూది దాన్ని తాకిందో లేదో ఎవరికీ తెలియదు. తాకి, మందు లోపల్లోపల రాజుకుంటూ ఉంటే ఇప్పుడు పేలవచ్చు, నిమిషానికి పేలవచ్చు, పేలకనే పోవచ్చు. అర్ధగంట ముట్టుకోవద్దన్నాడు కజిమీర్. దాన్ని పట్టుకుని నిచ్చెన దిగడానికి లేదు. దాన్ని దాటి తలుపు దాకా పోయి దిగిపోవడానికీ లేదు. ఆరడుగుల పెట్టెలో మూడో మనిషిలా అది మధ్యన పడుకుంది. ఇద్దరూ దానికి చెరో పక్క గోడకు వీపు ఆనించి కూర్చున్నారు.

మగ జింక నింపాదిగా తింటూ చెట్ల వైపు పోయింది. పోతుంటే ఇద్దరూ చూశారు.

"ఇరవయ్యోది," అన్నాడు ఎల్డన్. "దాన్ని నేను చూడలేదు. లోపల చెక్కడం మరిచాను. తప్పు నాది బావా."

కజిమీర్ కాఫీ సీసా మూత పళ్ళతో తిప్పాడు. ఎల్డన్ చెయ్యి అలవాటుగా అటు పోయింది. కజిమీర్ సీసాను పక్కకు జరుపుకున్నాడు.

"ఆ మాట నీ నోట్లో ఎప్పుడూ తయారుగా ఉంటుంది," అన్నాడు. "ఆ రోజు షాఫ్ట్ ఆపనా అని నువ్వడిగావు."

"అడగలేదు. అడిగుంటే..."

"నోటితో అడగలేదు. ఆ రొదలో నోరు వినిపిస్తుందా? మీట మీద చెయ్యి పెట్టి వెనక్కి తిరిగి నా వంక చూశావు. నేను వద్దని ఊపాను." కోటు లోపల మొండి చెయ్యి కదిలింది. "ఈ చేత్తోనే."

ఎల్డన్‌కు ఆ రోజు నుంచి మిగిలింది రెండే. రొద ఒకటి, అరచేతి కింద మీట చల్లదనం ఒకటి. పన్నెండేళ్ళుగా ఆ చల్లదనం దగ్గరే ఆగిపోయాడు. మీట మీద చెయ్యి ఉండి కూడా నొక్కలేదని, ఎందుకు నొక్కలేదో తెలియదని. వెనక్కి తిరిగి చూసినట్టు గుర్తు లేదు. ఇప్పుడు బావ చెబుతుంటే, ఎర్ర చేతి తొడుగు ఒకటి ధూళిలో అటూ ఇటూ ఊగినట్టు అనిపించింది. నిజంగా గుర్తొచ్చిందో, బావ చెప్పబట్టి కనిపించిందో తేల్చుకోలేకపోయాడు.

"పన్నెండేళ్ళు," అన్నాడు.

"ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి నువ్వు మంచం పక్కన తప్పు నాది, తప్పు నాది అంటున్నావు. చెల్లెలు ఏడుస్తోంది. రేపు చెబుదాంలే అనుకున్నా. రేపటికి నువ్వు స్టీరింగ్ పిడి చేసుకొచ్చావు. ఎల్లుండికి పార. ఏదైనా చేస్తున్నంతసేపే నీ ముఖంలో రక్తం కనిపించేది. ఎట్లా చెప్పమంటావు?"

"చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే. మొదటి ఏడు చెప్పకపోతే రెండో ఏడు చెప్పడం ఇంకా కష్టం. నాకూ అది హాయిగానే ఉండేదయ్యా, అబద్ధమెందుకు? ఊరంతా నీ వంక చూసేది. నా వంక ఎవరూ చూసేవాళ్ళు కాదు, ఈ ముసలి దద్దమ్మ తిరుగుతున్న యంత్రంలో చెయ్యెందుకు పెట్టాడని."

గుండెల మీది బండ దిగుతుందని ఎల్డన్ ఎదురు చూశాడు. దిగలేదు. దాని బదులు కోపం వచ్చింది, నిదానంగా, కాళ్ళలోంచి. పన్నెండేళ్ళలో బావ మీద మొదటిసారి వచ్చిన కోపం అది. లేచి పోదామంటే తలుపు అవతల నిచ్చెన, మధ్యలో తుపాకి. కూర్చున్నాడు. దూలం దగ్గర కాఫీ తాగుతూ తనను చూసిన ముఖాలన్నీ ఒక్కొక్కటే వచ్చి పోయాయి.

"ఇంకొకటుంది," అన్నాడు కజిమీర్. "అదీ ఇప్పుడే కక్కేస్తా. నా బండిలో సీటు వెనక దుప్పట్లో ఒక తుపాకి ఉంది. రెండేళ్ళ కిందట కొన్నా. అంగడి తుపాకి, అంగడి తూటాలు."

"గాడిదలా తన్నేదా?"

"అదే."

"భుజం తట్టుకుంటోందా?"

"తంతుంది. తన్నితే ఏం? భుజం నాదే గదా."

దానితో రెండు ఆడ జింకలను కొట్టానన్నాడు. సరస్సు ఒడ్డున చిన్నాన్న కొడుకు చేలో, ఎవరికీ చెప్పకుండా, దొంగలా. కొమ్ములున్నదాన్ని మాత్రం కొట్టలేదన్నాడు. కొడితే దూలం దగ్గరికి తీసుకురావాలి. తెస్తే ఏ తుపాకితో కొట్టావని ఎల్డన్ అడుగుతాడు.

"మొన్న చలికాలం సాసేజ్ పంపావు," అన్నాడు ఎల్డన్ ఆలోచిస్తూ. "ఎవరో ఇచ్చారన్నావు."

"నీ పెళ్ళాం నమ్మలేదు. నువ్వే నమ్మావు."

అంటే బర్నడీన్‌కూ తెలుసు. ఎల్డన్ కిటికీ వైపు తిరిగాడు. భోజనాల దగ్గర తాను తూటా కొలతలు చెబుతుంటే ఆమె బంగాళాదుంపలు వడ్డించడం కళ్ళ ముందు కనిపించింది. ముగ్గురూ ఎవరి మూల వాళ్ళు పట్టుకుని, ఎవరూ వదలకుండా, ఇన్నేళ్ళు ఒక బరువును మోశారు. ఎవరు ముందు వదిలినా మిగతావాళ్ళ కాళ్ళ మీద పడుతుందని.

అర్ధగంట అయింది. తుపాకి పేలలేదు.

"నీ లేత్ మిషన్ పని నాకు ఇష్టమే," అన్నాడు కజిమీర్. "చూడ్డానికి. ఇంక నా కోసం ఏమీ చెయ్యకులే అంటే వినవు, అందుకని గట్టిగా చెబుతున్నా. వద్దు. పోయి నా తుపాకి తెచ్చి తాడుకు కట్టి, నువ్వు నీ బండిలో కూర్చో. నేను పిలిస్తే తప్ప రాకు."

ఎల్డన్ నిచ్చెన దిగాడు. చేను గట్టున బావ బండి తలుపు తెరిచి సీటు వెనక చెయ్యి పెడితే దుప్పటి తగిలింది. బర్నడీన్ తల్లి కుట్టిన దుప్పటి. తుపాకి మామూలుది. పిడి దగ్గర మెరుపు పోయి అరిగింది, ఎడమ చెయ్యి పట్టే వైపు. తాడుకు కట్టాడు. పైనుంచి కజిమీర్ లాగుతుంటే తాడు రెండు బారలు పైకి పోయి ఆగింది, పళ్ళతో పట్టుకుని చెయ్యి మార్చుకున్నట్టున్నాడు, మళ్ళీ కదిలింది. కింద నిలబడి ఎల్డన్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. తర్వాత బండిలోకి పోయి కూర్చున్నాడు.

తొమ్మిది దాటాక ఒక్క చప్పుడైంది. చుట్టుపక్కల పొద్దున్నించీ చప్పుళ్ళు అవుతూనే ఉన్నాయి. ఇది దగ్గరిది. రెండోది రాలేదు. ఒక్కటే అయితే జింక పడ్డట్టు.

ఎల్డన్ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. వేసి అట్లాగే ఉంచాడు.

బావ నిచ్చెన దిగడం కనిపించింది. ఒక చెయ్యి, ఒక మోచెయ్యి, ఒక్కొక్క మెట్టు. చెట్ల దగ్గరికి పోయి వంగాడు. చాలాసేపు లేవలేదు. పొట్ట చీల్చి శుభ్రం చేస్తున్నాడు. ఒంటి చేత్తో ఎట్లా చేస్తాడో ఎల్డన్‌కు తెలియదు. దానికి తాను పనిముట్టేదీ చెయ్యలేదు. తర్వాత మంచె కింద ఉంచిన ప్లాస్టిక్ పలక మీద జింకను పెట్టి, తాడు భుజానికి అడ్డంగా వేసుకుని, కజిమీర్ చేనులో లాగడం మొదలుపెట్టాడు. దుంపలు తీసిన చేను, మోకాలి లోతు గుంటలు, సగం గడ్డ కట్టిన మట్టి. ఇరవై అడుగులు లాగాడు, నిలబడ్డాడు. ఇరవై అడుగులు లాగాడు, కూర్చున్నాడు. వయసు అరవై నాలుగు.

ఆరోసారి ఆగినప్పుడు ఎల్డన్ తలుపు తెరిచాడు. ఒక కాలు కింద పెట్టాడు. కజిమీర్ ఇటు చూడలేదు. ఎల్డన్ కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకున్నాడు. ఇంతకాలం కష్టపడి చేసిన పనులన్నిటిలో ఆ తలుపు వెయ్యడమంత కష్టమైనది లేదు. బండి లోపల చలి. ఇంజిను వేస్తే ఆ చప్పుడు బావకు పిలుపులా వినిపిస్తుందేమోనని అదీ వెయ్యలేదు.

గంటన్నర పట్టింది. కజిమీర్ జింకను తన బండి వెనక దాకా తెచ్చి, తాడు తీసి, బండి వెనక తలుపు దించి, దాని మీద కూర్చున్నాడు. జింక నేల మీద ఉంది. దాన్ని ఒంటరిగా పైకి ఎత్తడం రెండు చేతులున్నవాడికీ కాదు. ఇద్దరి మధ్యా నలభై అడుగులు. ఒకడు పిలవడం లేదు, ఒకడు దిగడం లేదు. ఎల్డన్ స్టీరింగ్ వంక చూస్తూ కూర్చున్నాడు.

చివరికి కజిమీర్ లేచి వచ్చి అద్దం మీద వేలి గణుపుతో కొట్టాడు.

"పిలిస్తే గానీ దిగవా?"

"పిలవకుండా రావద్దన్నావు."

"అన్నాను. ఇన్నేళ్ళలో నా మాట విన్నది ఈ ఒక్కసారే." ముఖమంతా చెమట, చెవులు ఎర్రబడ్డాయి. "దా, వెనక కాళ్ళు పట్టుకో."

ఇద్దరూ ఎత్తారు. తర్వాత కాఫీ తాగారు. జింక గురించే మాట్లాడారు, గాలి ఎటుందో, గుండు ఎక్కడ తగిలిందో. ఎల్డన్ కోపం పోలేదు. అది కడుపులో తన చోటు చూసుకుని కూర్చుంది. దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. తప్పయితే దానికి ఏదో ఒకటి చేసి పెట్టవచ్చు. కోపానికి ఏం చేసి పెడతారు?

మంచె మీది తుపాకి కోసం ఇద్దరూ మళ్ళీ ఎక్కారు. ఎల్డన్ ఈసారి కుదెయ్యలేదు. సందులో చమురు పోసి, మూతి మట్టిగట్టు వైపే ఉంచి, కాసేపు నాననిచ్చి, పిడిని కొంచెం కొంచెంగా లాగాడు. కజిమీర్ అతని వెనక నిలబడి చూశాడు. పావుగంటకు బోల్ట్ కదిలింది. తూటా బయటికి దొర్లింది. మూతి చుట్టూ గీసినట్టు మెరుస్తున్న వలయం. సూది దాన్ని తాకనే లేదు.

"మిగతావి ఎన్ని?" అన్నాడు కజిమీర్.

"పందొమ్మిది. అవి బాగానే ఉన్నాయి బావా. ఒక్కొక్కటీ చూశా."

"ఉంటాయి. నీ దగ్గరే ఉంచుకో. రేపు నువ్వు రా, ఒక్కడివీ. నీ భుజానికి ఎట్లా ఉందో ఎప్పుడైనా చూసుకున్నావా?"

చూసుకోలేదు. బావ భుజం కొలతకే చేశాడు దాన్ని. రేకు ఎడమ చెయ్యివాడి ముక్కు కోసం అతికించింది.

సాయంత్రం దూలం దగ్గర జనం చీటీలు చదువుతూ నడిచారు. కజిమీర్ ప్రుసాక్, ఎనిమిది కొమ్మలు. రాసుకునే ఆవిడ ఏ తుపాకి అని అడిగింది, అందరినీ అడిగినట్టే. అంగడిదే అన్నాడు కజిమీర్. కొంతమంది ఎల్డన్ వంక తిరిగారు, అలవాటు. ఒక ముసలాయన దగ్గరికొచ్చి, మీ తూటా పని చెయ్యలేదా అన్నాడు. ఎల్డన్ లేదన్నాడు. తాను చెయ్యి ఊపిన సంగతి కజిమీర్ ఆ వాకిట్లో ఎవరికీ చెప్పలేదు. చెబుతాడేమోనని ఎల్డన్ కాఫీ చల్లారిపోయేదాకా చూశాడు.

మర్నాడు తెల్లవారకముందే ఎల్డన్ ఒక్కడే మంచె ఎక్కాడు. వెలుగు రేఖ పడ్డాక డబ్బాలోంచి అయిదు తీసి, ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసి, తొట్టిలో నింపాడు. పిడి లాగి, ఈసారి వదిలేశాడు. ఫట్టుమన్న చప్పుడు చేను మీదుగా చెట్ల దాకా పోయి వచ్చింది. ఆ చప్పుడు విన్న జింక ఏదైనా ఉంటే ఈపాటికి సరస్సు దాటి ఉంటుంది. తుపాకిని కుడి భుజానికి ఎత్తుకున్నాడు. ముక్కు దగ్గరి రేకు అడ్డం వచ్చింది. దించి, ఇసుక సంచి మీద పెట్టాడు.

ఎండ వచ్చి పొగమంచు లేచేదాకా కూర్చున్నాడు. బయల్దేరుతూ చూసుకుంటే, అంతసేపూ తాను బెంచీలో బావ కూర్చునే ఎడమ సగం ఖాళీగా వదిలి, గోడకు ఒత్తుకుని కూర్చున్నాడు.